మన తరగతి మీద మనమే పరిశోధన చేస్తే: ఏ దారి మేలు?

బీఎడ్, ఎంఎడ్‌లో క్రియాత్మక పరిశోధన (టీచరు తన బోధనను తానే పరీక్షించుకునే యాక్షన్ రీసెర్చ్) అనగానే చాలామంది తమ చేతిలో ఉన్న తరగతినే తీసుకుంటారు. ముందు పరీక్ష, కొన్ని వారాల పాఠాలు, చివర మరో పరీక్ష, పట్టికలు, బైండింగ్. పిల్లల అనుమతి తీసుకున్నారా అంటే, అందరూ చేతులెత్తారంటారు. ఎత్తక ఏం చేస్తారు? మార్కులు వేసే మాస్టారే ఎదురుగా నిలబడి "ఎవరికైనా ఇష్టం లేదా?" అని అడిగితే, ఎనిమిదో తరగతిలో లేచి నిలబడేదెవరు?

ఈ చిక్కు తప్పించుకోవడానికి కొందరు వేరొకరి తరగతికి వెళ్తారు. మార్కుల భయం తగ్గుతుంది, నిజమే. కానీ తీసివేతలో ఏ పిల్లవాడు ఎక్కడ తడబడతాడో అక్కడ మనకేం తెలుసు? అమెరికాలో 1950లలో విద్యావేత్త స్టీఫెన్ కోరీ ఈ పద్ధతిని ప్రచారం చేసిందే టీచరు తన బోధనను తానే పరీక్షించుకోవాలని. పక్క తరగతికి వెళ్తే ఆ ఉద్దేశమే పోతుంది.

నా మొగ్గు మూడో దారికే. తరగతి మనదే, అనుమతి అడిగేది మాత్రం సహోపాధ్యాయుడు. మనం బయట ఉండగా ఆయన విషయం చెప్పి, పత్రాలు తీసుకుని కవరులో అంటించి పెడతారు. వార్షిక మార్కులు ఖరారయ్యాకే కవరు విప్పాలి. పాఠం అందరికీ ఒకటే. వద్దన్నవారి వివరాలు మాత్రం లెక్కలోకి రావు. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఇది కుదరదు. అక్కడ పాఠం బాగుచేసుకోండి, థీసిస్ మానుకోండి.

ప్రధానోపాధ్యాయుడి సంతకం చాలదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు ఆరోగ్య పరిశోధనల కోసం రాసినవే అయినా బడికీ పనికొస్తాయి: తల్లిదండ్రుల సమ్మతితో పాటు, ఏడేళ్లు దాటిన పిల్లల నుంచి నోటిమాటగా, పన్నెండు దాటితే రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవాలి.

రెండు సెక్షన్లను పోల్చేటప్పుడు 'ఎ' సెక్షన్‌కు కొత్త పద్ధతి, 'బి' సెక్షన్‌కు పాతది అంటే 'బి' పిల్లలకు అన్యాయం. కొత్త పద్ధతి భిన్నాలకు 'ఎ' సెక్షన్‌లో, దశాంశాలకు 'బి' సెక్షన్‌లో అని వంతులు మార్చితే సరిపోతుంది.

నివేదికలో ఒక అమ్మాయి పేరు మార్చి "తల్లి లేదు, తండ్రి ఆటో నడుపుతాడు" అని రాస్తే ఆ అమ్మాయి ఎవరో ఊరంతటికీ తెలుస్తుంది. ఆ వాక్యం లేకపోయినా మీ పట్టిక నిలుస్తుంది, కొట్టేయండి.