బీఐడీ పద్ధతి రివ్యూ: మన పాత బజార్లకు ఎంతవరకు పనికొస్తుంది?

ఒక బజారులోని వ్యాపారులందరి దగ్గరా వసూలు చేసి, ఆ పైసలు ఆ బజారుకే ఖర్చు పెట్టే పద్ధతి బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్, పొట్టిగా బీఐడీ. 1970లో కెనడాలోని టొరంటో నగరంలో, బ్లూర్ వెస్ట్ విలేజ్ అనే బజారులో మొదలైంది. మాల్స్ వచ్చి, నేల కింద మెట్రో నడిచి, పైన వీధిలో గిరాకి పడిపోయిన కాలం అది. సంఘం అంతకుముందూ ఉంది, కానీ చందా ఇష్టమున్నవాళ్లే ఇచ్చేవాళ్లు. చట్టం తెచ్చి తప్పనిసరి చేశాకే పని నిలబడింది.

నల్గొండ ప్రకాశం బజారుకైనా, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ చుట్టుపక్కలకైనా ఇందులో అసలు సరుకు ఇదే. కొందరే ఇస్తే మూడో నెలకు వాళ్లూ ఆపేస్తారు.

లెక్క కోసం 120 మడిగెలు, నెలకు 500 అనుకుందాం: 60,000. ఊడ్చేవాళ్లు ఇద్దరు, రాత్రి కాపలాకు ఒకరు, తలా 13,000 అంటే 39,000. మిగిలిన 21,000 మోరీల పూడికకు, బల్బులకు. మొదటి ఏడాది ఆర్చీలు, రంగు లైట్ల జోలికి పోవద్దు. మెట్టు కోసం మోరీ మీద పరిచిన బండను సిమెంటుతో అతికిస్తే, దాని కింద క్యారీ బ్యాగులు ఇరుక్కొని, గట్టి వాన పడగానే నీళ్లు దుకాణంలోకే వస్తాయి. ప్రతి మడిగె ముందు ఒక్క బండైనా కొక్కెం పెట్టి లేపేలా ఉండాలి. ఇంకోటి, సేటు బండి, పనోళ్ల బండ్లు పొద్దున్నే షట్టర్ ముందు నిలిపితే గిరాకికి జాగా ఎక్కడిది? వాటికి వేరే జాగా చూడటం పైసా ఖర్చు లేని పని.

లోపాలూ చిన్నవి కావు. పెద్ద దుకాణాల పెత్తనం మొదటిది. ఇంగ్లాండులో దీనికి మంచి కట్టడి ఉంది: బీఐడీ పెట్టాలంటే వ్యాపారుల ఓట్ల లెక్కలోనూ, ఓటేసినవాళ్ల ఆస్తి విలువ లెక్కలోనూ రెండింట్లో మెజారిటీ రావాలి, ఐదేళ్లకోసారి మళ్లీ ఓటు పెట్టాలి. రెండోది, సంఘం ఊడుస్తోంది కదా అని మున్సిపాలిటీ చేతులు దులుపుకోవడం. రోజుకు ఎన్నిసార్లు ఊడుస్తారు, చెత్త బండి ఎప్పుడొస్తుంది అన్నది ముందే కాగితం మీద రాయించుకోవాలి. మూడోది కిరాయి. బజారు మెరవగానే ఓనరు పెంచుతాడు, చందా కట్టిన కిరాయిదారే ఖాళీ చేస్తాడు. అందుకే చందాలో ఓనరు వాటా ఉండాల్సిందే.

తోపుడు బండ్లను తరిమే బీఐడీ మనకొద్దు. పూలకు, పండ్లకు వచ్చినవాళ్లే పక్క దుకాణంలో బట్టలూ కొంటారు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం బండ్ల జాగాల ముచ్చట టౌన్ వెండింగ్ కమిటీలో తేలాలి, దుకాణదారుల మీటింగులో కాదు.