సీల్డ్ ప్యాక్ అని నమ్మి ఎల్‌టీఓ టేపులు కొనకండి, ముందు చిప్ చదివించండి

ఎల్‌టీఓ అంటే కంప్యూటర్ డేటా దాచుకునే టేప్ క్యాసెట్, వెనకున్న అంకె దాని తరం. ఎనిమిది ఎల్‌టీఓ-7 టేపులు కొన్నాను. సీల్ కూడా తియ్యని కొత్త సరుకు అన్నారు. ఎనిమిదీ ఎవరో వాడి పారేసినవే.

కృష్ణానగర్‌లో మాది చిన్న ఎడిటింగ్ సూట్. ఒరిజినల్ ఫుటేజ్ హార్డ్ డిస్కుల్లో దాచేవాళ్లం. రెండు డిస్కులు వరసగా చచ్చాక టేపులకు మారాం. టేప్ చదివే, రాసే డ్రైవ్ కొనేటప్పుడే చెయ్యి కాలుతుంది గానీ ఆ తర్వాత టేప్ చవకే. మొన్న వేసవిలో మామూలుగా కొనే చోట స్టాక్ లేదన్నారు. ఆన్‌లైన్‌లో ఒకతను దాదాపు సగం ధరకే ఇస్తానన్నాడు. ఫోన్ చేస్తే, 'కంపెనీ ప్రాజెక్ట్ క్యాన్సిల్ అయింది అన్నా, మిగిలిపోయిన మాల్' అన్నాడు. వచ్చిన ప్యాకెట్ల మీద ప్లాస్టిక్ నిగనిగలాడుతోంది. హీట్ గన్, ష్రింక్ రోల్ ఉంటే ఆ ప్లాస్టిక్ ఎవడైనా చుట్టగలడని నాకు అప్పుడు తట్టలేదు.

మొదటి టేప్‌కి మేడారం జాతర ఫుటేజ్ ఎక్కించాను. ఎల్‌టీఓ-7 డ్రైవ్ సెకనుకు 300 ఎంబీ దాకా రాస్తుంది, అంటే టేప్ నిండడానికి ఐదున్నర, ఆరు గంటలు. ఇది పొద్దున పెడితే రాత్రి పది దాటినా నడుస్తూనే ఉంది. లోపల టేప్ కాస్త ముందుకెళ్లి ఆగి, వెనక్కొచ్చి, మళ్లీ బయల్దేరుతున్న చప్పుడు. కేబుల్ లూజేమో అనుకుని మార్చాను. 6 టీబీ పట్టాల్సిన టేప్ చివరికి 4.7 టీబీ దగ్గరే నిండిపోయిందంది. రాసింది సరిగా పడని చోట డ్రైవ్ అదే డేటాను ఇంకాస్త ముందుకెళ్లి మళ్లీ రాస్తుంది. టేప్ అరిగితే చోటు తగ్గేది అందుకే. అది నాకు తెలియదు. వెరిఫై చెయ్యకుండా డిస్క్ ఖాళీ చేసేశాను, ఆ తప్పు మాత్రం నాదే. తర్వాత తిరిగి తియ్యబోతే అరపూట ఫుటేజ్ రాలేదు. రెండేళ్లకోసారి వచ్చే జాతర, మళ్లీ ఎక్కడ తీస్తాం? ఎడిటింగ్ కోసం తక్కువ క్వాలిటీలో చేసిన ప్రాక్సీ కాపీలు ఉండబట్టి పరువు దక్కింది.

మా బాబాయి డేటా సెంటర్‌లో పనిచేసి రిటైరయ్యాడు. అంతా విని 'చిప్ చదివావట్రా?' అన్నాడు. ఏ చిప్ అని అడిగితే నవ్వాడు.

ప్రతి ఎల్‌టీఓ కార్ట్రిడ్జ్‌లో ఓ మూల చిన్న చిప్ ఉంటుంది. బ్యాటరీ ఉండదు, డ్రైవ్ దాన్ని తాకకుండానే రేడియోతో చదువుతుంది. టేప్ జాతకమంతా అందులోనే ఉంటుంది: ఎవరు తయారుచేశారు, ఎప్పుడు చేశారు, ఎన్నిసార్లు డ్రైవ్‌లోకి ఎక్కింది, పుట్టాక మొత్తం ఎంత డేటా రాశారు, చివరి నాలుగుసార్లు ఏ డ్రైవుల్లో ఎక్కించారు. లినక్స్ అయితే ఎస్‌జీ3-యుటిల్స్ ప్యాకేజీలో దీన్ని చూపించే కమాండ్ ఉంది. ఐబీఎం, హెచ్‌పీఈ డ్రైవులకైతే ఆ కంపెనీల ఉచిత డయాగ్నస్టిక్ టూల్స్ ఉన్నాయి. రెండు నిమిషాల పని. నా 'కొత్త' టేపుల్లో ఒకటి 340 సార్లు లోడ్ అయింది. ఎల్‌టీఓ-7 టేప్ పొడవు 960 మీటర్లు, ఒక్కసారి పూర్తిగా నింపాలంటే 112 సార్లు ఈ చివర నుంచి ఆ చివరకు తిరగాలి. అంటే వంద కిలోమీటర్లు దాటింది, హైదరాబాద్ నుంచి నల్గొండ దాకా అనుకోండి. నా టేపులు ఎన్ని నల్గొండలు చూసొచ్చాయో!

వాటిలో ఒకదాన్ని డ్రైవ్ అసలు తీసుకోలేదు, పెట్టగానే బయటికి నెట్టేసింది. దాన్ని డీగాస్ చేశారని, అంటే అయస్కాంతంతో చెరిపారని బాబాయి అనుమానం. పాత వీడియో క్యాసెట్లను పెద్ద అయస్కాంతంతో చెరిపి మళ్లీ వాడుకునేవాళ్లం, గుర్తుందా? ఎల్‌టీఓకి అది పనికిరాదు. డ్రైవ్ దారి తప్పకుండా ఫ్యాక్టరీలోనే టేప్ మీద సర్వో గీతలు రాస్తారు. అయస్కాంతం డేటాతో పాటు వాటినీ తుడిచేస్తుంది, వాటిని మళ్లీ మన డ్రైవ్ రాయలేదు. 'డేటా పూర్తిగా చెరిపాం, సేఫ్' అని ఎవరైనా గొప్పగా చెబితే, ఎలా చెరిపారో అడగండి.

పెట్టె మీద 15 టీబీ అని ఉంటే మురిసిపోకండి. అది కంప్రెషన్ లెక్క, అసలుది 6. మన వీడియో ముందే కంప్రెస్ అయి ఉంటుంది కాబట్టి ఇంకేమీ కుదించుకోదు. ఇంకో ఎర కూడా ఉంది: ఎల్‌టీఓ-7 టేప్‌నే ఎల్‌టీఓ-8 డ్రైవ్‌లో 9 టీబీగా మార్చి అమ్ముతారు. స్టిక్కర్ మీద ఎం8 అని ఉంటుంది. అబద్ధమేమీ కాదు గానీ దాన్ని ఎల్‌టీఓ-7 డ్రైవ్ చదవదు, ఎల్‌టీఓ-9 కూడా చదవదు. పాత ఎల్‌టీఓ-6 టేపులున్నవాళ్లు ఎల్‌టీఓ-8 డ్రైవ్‌కి ఎగబడొద్దు, అది వాటిని చదవలేదు. ఎల్‌టీఓ-9 కొత్త టేప్ మొదటిసారి పెట్టినప్పుడు మాత్రం రెండు గంటల దాకా సర్దుకుంటుంది. అది రోగం కాదు, మధ్యలో పీకకండి.

నిజంగా కొత్త టేపునైనా మనమే పాడుచేసుకోవచ్చు. ఏళ్ల తరబడి దాచేవాటికి 16 నుంచి 25 డిగ్రీలు, తేమ 20 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. మన వానాకాలంలో కిటికీ పక్కన బీరువాలో అది కుదరదు. మా దోస్తు ఒకడు ఫ్రిజ్‌లో పెట్టాడు, బయటికి తియ్యగానే చెమట పట్టింది. వేరే చోటి నుంచి తెచ్చిన టేప్‌ను ఒక రోజు ఆ గదిలోనే ఉంచి అప్పుడు డ్రైవ్‌లో పెట్టండి. పుస్తకాల్లా నిలబెట్టండి. కింద పడిందంటే లోపల టేప్ కొసకు ఉండే లీడర్ పిన్ పక్కకు జరిగి ఉంటుందేమో, కార్ట్రిడ్జ్ తలుపు తెరిచి చూడకుండా డ్రైవ్‌లో పెట్టొద్దు. క్లీనింగ్ టేప్ డ్రైవ్ అడిగినప్పుడే వెయ్యండి.

ఇప్పుడు నేను ప్యాకెట్ తెరవడం దగ్గర్నుంచి చిప్ చదివించేదాకా వీడియో తీస్తున్నాను. నా ఎనిమిదింటికీ రిటర్న్ గడువు దాటిపోయింది, అమ్మినవాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. నిన్న రాత్రి చూస్తే ఇంకో పేరుతో పన్నెండు టేపులు అమ్మకానికి పెట్టి ఉన్నాయి. ఫొటోలో అదే గీతలు పడ్డ టేబుల్, అదే నీలం బకెట్.