జబ్బు తగ్గాక నేపాల్‌లో సేవకు: ఏ ఊరు, ఏ బస, ఏ దారి

రొమ్ము క్యాన్సర్ చికిత్స ముగించుకుని జబ్బు తిరగబెట్టకుండా టామాక్సిఫెన్ మాత్రలు వాడుతున్న నాలాంటి మనిషి విదేశంలో సేవకు వెళ్లాలంటే, ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: జ్వరం వస్తే ఆస్పత్రికి ఎంతసేపట్లో చేరతాం? ఈ ప్రశ్న మా ఆంకాలజిస్టు, అంటే క్యాన్సర్ డాక్టరు గారిది. చంకలో లింఫు గ్రంథులు తీసేసిన వైపు చేతికి దోమ కుట్టినా, గీసుకున్నా ఇన్ఫెక్షన్ తొందరగా పట్టుకుంటుంది. చెయ్యి ఎర్రబడి, వాచి, జ్వరం వచ్చిందంటే ఆ రోజే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. అందుకే దేశాన్ని ఎంచేటప్పుడు నేను ఫొటోలు తక్కువ చూశాను, మ్యాపు ఎక్కువ చూశాను.

మొదట మనసు కెన్యా మీదకు పోయింది. ఎల్లో ఫీవర్ టీకా దగ్గరే ఆగిపోయింది. అది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసే టీకా. కీమో అయ్యాక కనీసం 3 నెలలైనా ఆగాలి, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు అసలు వేయరు, 60 దాటినవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఆలోచిస్తారు. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు, అదీ ప్రయాణానికి 10 రోజుల ముందే అయిపోవాలి. సర్టిఫికెట్ లేకుండా కెన్యా నుంచి దిగితే మన దగ్గరే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచొచ్చు. డాక్టరు గారు మినహాయింపు లేఖ ఇస్తానన్నారు. కౌంటర్‌లో ఉన్నాయన దాన్ని ఒప్పుకుంటాడో లేదోనన్న టెన్షన్ నాకెందుకని వదిలేశాను.

తర్వాత కంబోడియాలోని సియెమ్ రీప్. ఆంగ్‌కోర్ ఆలయాలున్న ఊరు, బసలు చవక. కానీ నాకు జవాబిచ్చిన సంస్థలు చూపించిన పని ఎక్కువగా అనాథాశ్రమాల్లోనే. అమ్మో నాన్నో బతికే ఉన్న పిల్లల్ని కూడా విదేశీ వాలంటీర్ల డబ్బు కోసం అలాంటి చోట ఉంచుతున్నారని కంబోడియా, నేపాల్ రెండింటి గురించీ ఎప్పటినుంచో విమర్శ ఉంది. నాలుగు రోజులు ముద్దు చేసి వచ్చేయడం నాకు నచ్చలేదు. పైగా ఒక సంస్థ ఫారంలో పేరు, పాస్‌పోర్టు నంబరు, ఫీజు తప్ప ఏమీ అడగలేదు. క్యాన్సర్ సంగతి నేనే రాస్తే "నో ప్రాబ్లం, వచ్చేయండి" అన్నారు. అంత తేలిగ్గా రమ్మనేవాళ్లు, రేపు నాకు బాగాలేకపోతే అంతే తేలిగ్గా ఊరుకుంటారనిపించింది.

చివరికి కుదిరింది నేపాల్ తెరాయిలో, అంటే మన సరిహద్దు పక్కనున్న మైదానంలో, కంటి శిబిరాలు నడిపే ఒక చిన్న సంస్థతో. వాళ్ల ఫారం చూస్తేనే విసుగొచ్చింది. ఏ మందులు, ఏ చేత్తో బరువెత్తకూడదు, ఎంతసేపు నిలబడగలరు, బాగాలేకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, డాక్టరు లేఖ ఏది అని వరసపెట్టి ప్రశ్నలు. నమ్మకం కుదిరింది కూడా ఆ ఫారంతోనే. పని కూర్చుని చేసేది: పేర్లు రాయడం, వరస చూడడం, ఆపరేషన్ అయినవాళ్లకు చుక్కల మందు ఎలా వేసుకోవాలో చెప్పడం. అక్కడి పల్లెల్లో భోజ్‌పురి, అవధీ మాట్లాడతారు, మన హైదరాబాదీ హిందీతో నెట్టుకురావచ్చు. ఉదయం పూట మాత్రమే పని, మధ్యాహ్నం విశ్రాంతి అని ముందే రాతపూర్వకంగా ఒప్పించుకున్నాను.

ఈ ప్రాంతంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకొకటి. మేం బస చేసిన భైరహవా ఊరికి సునౌలి సరిహద్దు పక్కనే, అక్కడి నుంచి గోరఖ్‌పూర్ సుమారు 100 కిలోమీటర్లు. గోరఖ్‌పూర్‌లో ఎయిమ్స్ ఉంది, సరిహద్దు దాటితే మన ఆరోగ్య బీమా పనికొస్తుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకున్నాను గానీ, పాత జబ్బు వల్ల వచ్చేవాటిని వాళ్లు ముందే పక్కన పెట్టేశారు. ప్రాణాపాయమైతేనే ఇస్తారట, అదీ ఒక పరిమితి వరకే. పాలసీలో ఆ పేజీ చదవకుండా సంతకం పెట్టొద్దు.

టీకాల్లో ఫ్లూ, టైఫాయిడ్ ఇంజెక్షన్లు వేయించుకున్నాను. హెపటైటిస్-ఎ టీకా మన దగ్గర రెండు రకాలు దొరుకుతుంది, బతికున్న వైరస్‌ది కాకుండా రెండోది కావాలని అడగాలి. కుక్కలు ఎక్కువ కాబట్టి రేబిస్ టీకా గురించి కూడా డాక్టర్‌తో మాట్లాడటం మంచిది.

దారి మూడు రకాలు. విజయవాడ, వరంగల్ మీదుగా గోరఖ్‌పూర్ వెళ్లే రప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ చవకే, కానీ ఒకటిన్నర రోజు రైల్లో కూర్చునే ఓపిక నాకు లేదు. గోరఖ్‌పూర్ దాకా విమానంలో వెళ్లి కారులో సునౌలి చేరొచ్చు. అయితే సరిహద్దు దగ్గర లారీల వరస, దుమ్ము, తోపులాటలో సామాను మోయాల్సి రావచ్చు. మావారూ నేనూ ఢిల్లీ, ఖాట్మండు మీదుగా భైరహవాకి విమానంలోనే వెళ్లాం. ఖర్చు ఎక్కువే, ఒళ్లు మాత్రం అలవలేదు. వీల్‌చైర్ కావాలని టికెట్ కొన్నప్పుడే చెప్పాం, దానికి డబ్బు తీసుకోలేదు. టామాక్సిఫెన్‌తో రక్తం గడ్డకట్టే ముప్పు కొంచెం పెరుగుతుంది కాబట్టి కాళ్లకు బిగుతు మేజోళ్లు, చెయ్యి వాయకుండా బిగుతుగా పట్టి ఉంచే కంప్రెషన్ స్లీవ్ వేసుకున్నాను. ఢిల్లీ నుంచి ఖాట్మండుకు ఎడమ కిటికీ అడగండి, హిమాలయాలు అటువైపే. విమానంలో వెళ్లేవాళ్లు ఆధార్ కాదు, పాస్‌పోర్టో ఓటరు కార్డో పట్టుకెళ్లాలి. వీసా అక్కర్లేదు.

బస విషయంలో లుంబినీ, భైరహవా రెండూ చూశాం. లుంబినీలో కొరియా వాళ్ల ఆరామంలో చాలా చవకగా పడక, శాకాహార భోజనం దొరుకుతాయి, ప్రశాంతం. కానీ నేల మీద పరుపు, ఉమ్మడి స్నానాలగది. ఒక చేతి మీద బరువు వేయలేని మనిషికి నేల మీంచి లేవడమే పెద్ద పని. సాయంత్రమయ్యేసరికి దోమలు కూడా. వయసులో ఉన్నవాళ్లకు అదే బాగుంటుంది. మేం భైరహవాలో హోటల్ తీసుకున్నాం: మంచం, వెస్టర్న్ కమోడ్, జనరేటర్, దగ్గర్లో ఆస్పత్రులు. ఊరు అందంగా ఉండదు, రోడ్డు మోత నిద్ర చెడగొడుతుంది. బుద్ధుడు పుట్టిన లుంబినీలోని మాయాదేవి ఆలయం, అశోకుడి స్తంభం సెలవు రోజున ఈ-రిక్షాలో తిరిగి చూశాం. అవి ఉన్న తోట చాలా పెద్దది, నడిచి చూడాలనుకోవద్దు.

తిండి దాల్‌భాత్, అంటే మన పప్పన్నమే. ఆవనూనె వాసన మాత్రం కీమో తర్వాత నాకు పడడం లేదు, వేరే నూనెతో వండమంటే విసుక్కోకుండా వండారు. నీళ్లు సీసావే. మందులు మనకు తెలిసిన కంపెనీలవే చాలా దొరికాయి, అయినా మొత్తం కోర్సు స్ట్రిప్పులతో సహా, చీటీతో చేతిసంచిలోనే పెట్టుకోండి. క్యూఆర్ కోడ్ ఉన్న చాలా దుకాణాల్లో మన యూపీఐ పనిచేసింది. అక్కడి గడియారం మనకంటే 15 నిమిషాలు ముందు, ఫోన్‌లో మాత్ర అలారం దానికదే జరిగిపోతుంది.

వెళ్లే నెల కూడా చూసుకోండి. డిసెంబరు, జనవరిలో తెరాయిలో పొగమంచుకి విమానాలు ఆగిపోతాయి, దశైం, తిహార్ (మన దసరా, దీపావళి) పండగలప్పుడు శిబిరాలు ఉండవు, మే నెల ఎండ మన రెంటచింతల ఎండే. మేం వెళ్లింది ఫిబ్రవరిలో. మళ్లీ వెళ్తే అప్పుడే వెళ్తాం, ఈసారి మావారు కూడా పేర్లు రాసే బల్ల దగ్గర కూర్చుంటానంటున్నారు.