పైపర్ సూపర్ కబ్: పదేళ్ళకు పైగా వాడాక

అలాస్కాలో చిన్న విమానం కొన్నానని చెబితే మావాళ్ళు ముందు అడిగింది మైలేజీ గురించి. గంటకు సుమారు ఎనిమిది గ్యాలన్లు తాగుతుంది. అసలు ఖర్చు అది నేల మీద ఉన్నప్పుడే!

నాది పైపర్ కంపెనీ పీఏ-18 సూపర్ కబ్, 150 హార్స్‌పవర్ లైకమింగ్ ఓ-320 ఇంజిన్. ముందొకరు, వెనకొకరు కూర్చుంటారు. ఈ మోడల్ 1949లో వచ్చింది. నది ఒడ్డున గులకరాళ్ళ మీద దిగాలంటే ఇక్కడ ఇప్పటికీ ముందు దీని పేరే చెబుతారు. ఫ్లాపులు (రెక్కల వెనక అంచున ఉండే పలకలు) దించితే గంటకు 45 మైళ్ళ దగ్గర కూడా గాలిలో నిలుస్తుంది మరి. నేను 31 అంగుళాల మెత్తటి టైర్లు వేయించాను. రాళ్ళ మీద బ్రహ్మాండం. తారు రన్‌వే మీద త్వరగా అరిగిపోతాయి, గాలిలో వేగమూ తగ్గుతుంది. గంటకు తొంభై మైళ్ళు వస్తే సంతోషించాలి. తొందరున్నవాళ్ళు సెస్నా కంపెనీ విమానం కొనుక్కోవడం మేలు.

ఇంజిన్‌తో పెద్ద బాధ లేదు. ఆయిల్ మార్చడం, ఇంధనంలోని సీసం పట్టిన స్పార్క్ ప్లగ్గులు శుభ్రం చేయడం నేనే చేసుకుంటాను. పైలట్ లైసెన్సున్న యజమాని ఇలాంటి పనులు చేసి లాగ్‌బుక్‌లో రాసుకోవచ్చు. ఏడాదికోసారి జరిగే పూర్తి తనిఖీకి మాత్రం అధికారమున్న మెకానిక్ సంతకం ఉండాల్సిందే.

టెన్షన్ అంతా ఉక్కు గొట్టాలతోనే. ఫ్రేమ్ మొత్తం గొట్టాలు, దాని మీద బట్ట, ఆపైన రంగు. లోపలికి వెళ్ళిన తడి తోక దగ్గర అడుగున చేరి, అక్కడి గొట్టాలను మెల్లగా తినేస్తుంది. బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. రెక్కలను మోసే స్ట్రట్లదీ ఇదే జబ్బు. పాతరకం స్ట్రట్లకు 24 నెలలకోసారి తుప్పు పరీక్ష చేయించాలని ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) ఆదేశం ఉంది. ఆ గొడవ పడలేక, లోపలికి తడి చొరకుండా సీల్ చేసినవి వేయించాను. ఈ విమానానికి పెట్టిన డబ్బులో నాకు కడుపు మండనిది అదొక్కటే.

బట్టకు శత్రువు ఎండ. వేసవిలో ఇక్కడ అర్ధరాత్రి దగ్గరపడుతున్నా వెలుతురే. హ్యాంగర్‌లో (విమానాల షెడ్డులో) ఉంచితే బట్ట ఇరవై ఏళ్ళు దాటినా నిలుస్తుంది, బయట కట్టేస్తే అంత ఆశ పెట్టుకోకూడదు. చలికాలం ఇంకో కథ: ఎగరడానికి ముందు ఇంజిన్‌ను గంటలకొద్దీ వేడిచేయాలి, రెక్కలకు కవర్లు తొడగాలి. రెక్క మీద నూగులా మంచు పట్టినా ప్రయాణం ఆపేయాల్సిందే. ఎక్కడైనా చిక్కుకుపోతే బతకడానికి కావలసిన సామాను వెంట ఉండాలని రాష్ట్ర చట్టం; నేను వారానికి సరిపడే తిండి, గొడ్డలి, గాలాలు, తలకు దోమతెర పెట్టుకుంటాను. చలికాలంలో స్లీపింగ్ బ్యాగు, మంచు మీద నడిచే చెప్పులు అదనం. (నా తిండి సంచిలో అటుకులు, వేయించిన పల్లీలు.) ఇవన్నీ పెట్టి, వెనక సీట్లో ఒక మనిషిని ఎక్కిస్తే ఇక సామానుకు చోటుండదు.

కొనాలనుకుంటే ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందనే దానికంటే ముందు ఫ్రేమ్ సంగతి కనుక్కోండి. కొత్త బట్ట, కొత్త రంగుతో అమ్ముతుంటే, బట్ట విప్పినప్పుడు తీసిన గొట్టాల ఫొటోలు అడగండి. లేవంటే బేరం వదిలేయండి.