ఇంట్లో పాటలు చేసుకోవడానికి ఏ ప్రాసెసర్ మేలు? ఐ5-14500, రైజెన్ 7 7700, మ్యాక్ మినీ

కంప్యూటర్ షాపులో మ్యూజిక్ ప్రొడక్షన్‌కి సిస్టమ్ కావాలని అడిగి చూడండి. కొటేషన్‌లో ముందు ఇంటెల్ ఖరీదైన ప్రాసెసర్ ఐ9 పడుతుంది, దాని వెంటే ఓ పెద్ద గ్రాఫిక్స్ కార్డు. పాటల పనికి గ్రాఫిక్స్ కార్డుతో దాదాపు అవసరమే రాదు, ఐ9 కూడా అందరికీ అక్కర్లేదు. ఒక గది, ఒక మైకు, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె), చిన్న మిడి కీబోర్డు (కంప్యూటర్‌లోని వాయిద్యాల్ని వాయించే కీబోర్డు) పెట్టుకుని జానపదాలో, కవర్ సాంగ్సో, షార్ట్ ఫిల్ములకి బీజీఎమ్మో చేసుకునేవాళ్లకి నా లెక్కలో మూడే దారులు: ఇంటెల్ కోర్ ఐ5-14500, ఏఎమ్‌డీ రైజెన్ 7 7700, ఎం4 చిప్ ఉన్న మ్యాక్ మినీ.

పని ఎలా జరుగుతుందో తెలిస్తే సగం గొడవ తీరిపోతుంది. శబ్దాన్ని కంప్యూటర్ చిన్న చిన్న ముక్కలుగా లెక్క కడుతుంది, ఆ ముక్క సైజే బఫర్. సెకనుకి 48 వేల శాంపిల్స్ (48 కిలోహెర్ట్జ్) చొప్పున బఫర్ 128 శాంపిల్స్ పెట్టారనుకోండి, ప్రాసెసర్‌కి దొరికే టైము సుమారు 2.67 మిల్లీసెకన్లు. ఆ లోపు అన్ని ట్రాకుల లెక్కా పూర్తవ్వాలి, కాకపోతే హెడ్‌ఫోన్స్‌లో చిటపటలు మొదలు. పైగా ఒక వోకల్ ట్రాక్ మీద పిచ్ కరెక్షన్, ఈక్యూ, కంప్రెసర్, డీఎస్సర్ లాంటి ప్లగిన్లు (గొంతుని సరిచేసే చిన్న సాఫ్ట్‌వేర్లు) వరసగా పెడితే, మొదటిదాని పని అయ్యేదాకా రెండోది మొదలుపెట్టలేదు కాబట్టి ఆ వరసంతా మామూలుగా ఒకే కోర్ (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగం) మీద పడుతుంది. మాస్టర్ మీద (అన్ని ట్రాకులూ కలిసే చోట) పెట్టేవీ అంతే. అందుకే టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 30 శాతమే చూపిస్తున్నా, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోని మీటరు ఎర్రబడిపోయి పాట తెగుతూ ఉంటుంది. ఒక్క కోర్ ఊపిరాడక కొట్టుకుంటుంటే మిగతావి ఖాళీగా కూర్చుంటాయి. కాబట్టి ముందు చూడాల్సింది ఒక్కో కోర్ ఎంత వేగం అన్నది, కోర్లు ఎన్ని అన్నది ఆ తర్వాత.

ఇక్కడే ఐ5-14500కీ రైజెన్ 7700కీ తేడా తెలుస్తుంది. కాగితం మీద ఇంటెల్‌కి 14 కోర్లు, రైజెన్‌కి 8. కానీ ఆ 14లో పెద్ద కోర్లు 6, మిగతా 8 చిన్నవి. చిన్న కోర్లు పనికిరానివేం కాదు, మిక్సింగ్‌లో బఫర్ 512 దాకా పెంచుకున్నప్పుడు తేలికపాటి ట్రాకుల్ని చక్కగా లాగేస్తాయి. చిక్కల్లా రికార్డింగ్‌లోనే. గొంతు ఆలస్యంగా వినపడకుండా బఫర్ 64కి తగ్గించి ఉండగా బరువైన సింథ్ (శబ్దాన్ని అప్పటికప్పుడు పుట్టించే సాఫ్ట్‌వేర్ వాయిద్యం) ఉన్న ట్రాక్ ఒకటి చిన్న కోర్ మీద పడితే టైముకి పని అందకపోవచ్చు. ఏ పని ఎక్కడికి పంపాలో విండోస్ 11 కొంత తెలివిగానే చూసుకుంటుంది, సాఫ్ట్‌వేర్లు కూడా మెరుగుపడ్డాయి, అయినా నాకు మాత్రం అన్నీ ఒకే రకం కోర్లున్న 7700 మీదే ధీమా ఎక్కువ. దాని టాప్ స్పీడు 5.3 గిగాహెర్ట్జ్, ఇంటెల్‌ది 5.0. బాక్సులో కూలర్ కూడా వస్తుంది. అది కూర్చునే ఏఎమ్5 సాకెట్‌ని 2027 దాకా కొనసాగిస్తామని ఏఎమ్‌డీ చెప్పింది కనుక, రేపు ప్రాసెసర్ ఒక్కటి మార్చుకుంటే సరిపోయే అవకాశం ఉంది. ఐ5-14500 కూర్చునే సాకెట్ 14వ తరంతోనే ఆగిపోయింది.

గేమింగ్ వీడియోలు చూసి రైజెన్ 7 7800ఎక్స్3డీ కొందామనుకునేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. అందులోని 96 ఎమ్‌బీ క్యాష్ (చిప్‌లోనే ఉండే వేగమైన మెమరీ) గేముల్లో దుమ్ము లేపుతుంది కానీ, స్పీడు 5.0 దగ్గరే ఆగుతుంది, పాటల పనిలో ఆ అదనపు డబ్బుకి తగ్గ ఫలితం రాదు.

మరి ఐ5 ఎప్పుడు తీసుకోవాలి? మీ దగ్గర పాత సిస్టమ్‌లో మంచి డీడీఆర్4 ర్యామ్ 32 జీబీ పడి ఉంటే. ఏఎమ్5 బోర్డుల్లో డీడీఆర్5 తప్ప పట్టదు, ఇంటెల్ 14వ తరానికి డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎలా ఎగిరాయో చూశాం కదా, ఆ ఒక్క కారణంతోనే లెక్క తారుమారైపోవచ్చు. కాంటాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెద్ద పెద్ద స్ట్రింగ్స్ లైబ్రరీలు (ముందే రికార్డు చేసిన వయొలిన్ లాంటి వాయిద్యాల శబ్దాలు) లోడ్ చేసేవాళ్లకి ప్రాసెసర్ కన్నా ర్యామూ, ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీనే ముఖ్యం. ర్యామ్ తగ్గించుకుని ఖరీదైన చిప్ కొనడం దండగ. థండర్‌బోల్ట్ పోర్టుకి తగిలించే ఆడియో ఇంటర్‌ఫేస్ ఉన్నవాళ్లకి కూడా ఇంటెల్ వైపే బోర్డులు సులువుగా దొరుకుతాయి. మామూలు యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ అయితే ఈ గొడవే లేదు.

ఇక మ్యాక్ మినీ. 2024 నవంబర్‌లో వచ్చినప్పుడు 16 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజ్ మోడల్ మన దగ్గర 59,900 రూపాయలు. ఒక్కో కోర్ వేగంలో ఎం4 పై రెండింటి కన్నా వెనకబడదు, చాలా పరీక్షల్లో ముందే ఉంటుంది. విండోస్‌లో ఆడియో ఇంటర్‌ఫేస్ కోసం వేసుకునే ఆసియో డ్రైవర్ల తలనొప్పి లేదు, సౌండ్ వ్యవస్థ మ్యాక్‌లోనే ఉంది. అన్నిటికన్నా నాకు నచ్చేది దాని నిశ్శబ్దం. మన ఇళ్లలో మైకు, కంప్యూటరు ఒకే గదిలో ఉంటాయి, మే నెలలో టేకు కోసం ఏసీ, సీలింగ్ ఫ్యాను రెండూ ఆపేసి పాడిస్తుంటాం, అప్పుడు గది వేడెక్కి డెస్క్‌టాప్ ఫ్యాన్లు గుర్రుమంటే ఆ శబ్దమంతా పల్లవి మధ్య గ్యాపుల్లో వినిపిస్తుంది. మినీ చాలా అరుదుగా చప్పుడు చేస్తుంది. కరెంటు పోయినా, అది తాగేది తక్కువ కాబట్టి చిన్న యూపీఎస్ మీదే ఎక్కువసేపు నిలబడుతుంది.

అయితే ర్యామ్ తర్వాత పెంచుకోలేం, కొనేటప్పుడే తేల్చుకోవాలి. 256 జీబీ లైబ్రరీలకి ఏ మూలకీ చాలదు, బయట ఎస్ఎస్‌డీ తగిలించాల్సిందే. పాత విండోస్ ప్లగిన్లు కొన్ని అటు రావు. పాటలు చేసే సాఫ్ట్‌వేర్ ఎఫ్‌ఎల్ స్టూడియో వాడేవాళ్లకి ఆ లైసెన్సే మ్యాక్‌లోనూ చెల్లుతుంది. యాపిల్ వాళ్ల పాటల సాఫ్ట్‌వేర్ లాజిక్ ప్రో నేర్చుకోవాలనుకుంటే మాత్రం వేరే ఆలోచనే లేదు, అది మ్యాక్‌లో తప్ప విండోస్‌లో రాదు.

నన్నడిగితే, చేతిలో ఏమీ లేకుండా కొత్తగా మొదలుపెడుతున్నవాళ్లు మ్యాక్ మినీ తీసుకోండి. విండోస్ ప్లగిన్లు, మానిటర్, క్యాబినెట్, ఎస్ఎస్‌డీలు ఇప్పటికే ఉన్నవాళ్లకి రైజెన్ 7700. డీడీఆర్4 చేతిలో ఉంటే ఐ5. సెకండ్ హ్యాండ్‌లో 13, 14వ తరం ఐ7, ఐ9 చవగ్గా దొరికాయని మాత్రం ఎగబడకండి. వాటిలో వోల్టేజ్ సమస్య బయటపడి 2024లో ఇంటెల్ మైక్రోకోడ్ (చిప్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇచ్చింది, వారంటీ కూడా రెండేళ్లు పొడిగించింది. కానీ అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని అప్‌డేట్ బాగుచేయదు. బిల్లు, వారంటీ చూడకుండా డబ్బులివ్వొద్దు.

కొనేముందు ఇంకొక్కటి: మీ పాత సిస్టమ్‌లోనే లేటెన్సీమాన్ అనే ఉచిత టూల్ ఓ పది నిమిషాలు నడపండి. చిటపటలకి కారణం వైఫై డ్రైవరో, గ్రాఫిక్స్ డ్రైవరో అయితే అక్కడే ఎర్రగీత చూపిస్తుంది, వైఫై ఆఫ్ చేసి మళ్లీ బఫర్ 128లో పాట ప్లే చేయండి. గాయకుడి గొంతు ఆలస్యంగా వినిపించడమే మీ బాధైతే ఇంటర్‌ఫేస్ మీదున్న డైరెక్ట్ మానిటర్ బటన్ నొక్కండి, గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లి తిరిగి రానవసరం లేకుండా నేరుగా హెడ్‌ఫోన్స్‌కి వస్తుంది, బఫర్ 512లో ఉన్నా ఫర్వాలేదు.