ఆఫీసు దారికీ మట్టి దారికీ ఒకే సైకిల్: తిరుపతిలో ఏ టైరు, ఏ సామాను మేలు?

వారమంతా రేణిగుంట రోడ్డులోనో కరకంబాడి రోడ్డులోనో ఆఫీసుకు పోవాలి. ఆదివారం చంద్రగిరి దాటి మామిడితోటల మధ్య ఎర్రమట్టి దారి తొక్కాలి. రెండింటికీ ఒకటే సైకిల్ కావాలని గ్రావెల్ బైక్ కొంటారు. కొన్నాక మొదలవుతుంది టెన్షన్. షాపులో వేసిచ్చిన టైర్లే ఉంచాలా, మార్చాలా? ట్యూబ్‌లెస్ చేయించాలా? బ్రేకు కేబుల్‌దా, ఆయిల్‌దా? యూట్యూబ్‌లో చూస్తే సగం సలహాలు యూరప్ వానల్లో, జిగట బురదలో తొక్కేవాళ్ళవి. మనకు ఏడాదిలో ఎక్కువ నెలలు దుమ్ము, ఎండ, కంపముళ్ళు. బురద అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అదీ బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడే.

అందుకని ఈ ఊళ్ళో సైకిల్ సామాను ఎంచుకునేటప్పుడు నేను రెండే ప్రశ్నలు ముందు పెట్టుకుంటాను. ముల్లు దిగితే ఏమవుతుంది? పాడైతే ఇక్కడ ఎవరు బాగుచేస్తారు? బరువు, వేగం ఆ తర్వాత.

వెడల్పు: 35, 40, 45

టైరు పక్కన 40-622 అని ఉంటే 40 అనేది వెడల్పు, 622 అనేది రిమ్ మీద టైరు అంచు కూర్చునే చోట వ్యాసం. రెండూ మిల్లీమీటర్లే. 700సి అన్నా, 29 ఇంచుల ఎంటీబీ (మౌంటెన్ బైక్) అన్నా ఈ 622 ఒకటే. 27.5 ఇంచులు, 650బి రెండూ 584. పాలవాళ్ళు తొక్కే పాతకాలం 28 ఇంచుల సైకిల్ టైరు మాత్రం 635. అది 700సి రిమ్ముకు పట్టదు, '28 కూడా అదే సైజు' అని ఎవరైనా ఇస్తే తీసుకోవద్దు.

పూర్తిగా తారురోడ్డే అయితే 35 చాలు. లీలామహల్ సెంటర్ నుంచి అలిపిరి దాకా, యూనివర్సిటీల మీదుగా జూపార్కు దాకా 35 టైరు చక్కగా పరిగెత్తుతుంది. కాని మన కమ్యూట్‌లో ఒక తిరకాసు ఉంది. బస్సు వెనకనుంచి హారన్ కొడితే రోడ్డు దిగాల్సిందే. పుత్తూరు వైపు నుంచి వచ్చే రోడ్డులో అయితే పెరటాసి అనే తమిళ నెలలో (సెప్టెంబరు-అక్టోబరు) తమిళనాడు నుంచి కాలినడకన కొండకొచ్చే భక్తులు అంచు పొడవునా నడుస్తుంటారు. వాళ్ళను తప్పించడానికీ దిగాలి. దిగడం సులభమే, మళ్ళీ ఎక్కడమే కష్టం. తారుకూ మట్టికీ మధ్య రెండుమూడు ఇంచుల మెట్టు ఉంటుంది. సన్నటైరుతో ఏటవాలుగా ఎక్కబోతే టైరు ఆ మెట్టుకు రాసుకుంటూ జారి, మనిషి రోడ్డు మీద పడతాడు. 40 టైరు, పక్కన చిన్న గుబ్బలు ఉన్నది, కాస్త తక్కువ గాలితో ఉంటే ఆ అంచును పట్టుకుని ఎక్కేస్తుంది. గ్రావెల్ టైరు ఆదివారానికే అనుకుంటాం గానీ, నాకు దాని విలువ తెలిసేది సోమవారం పొద్దున రోడ్డు మార్జిన్‌లోనే.

45 ఇంకా హాయిగా ఉంటుంది, కొత్తగా కంకర పరిచి తారు వేయకుండా వదిలేసిన పల్లె రోడ్ల మీద మరీను. కాని ఫ్రేములో చోటు చూసుకోవాలి. టైరుకూ ఫ్రేముకూ మధ్య అన్నివైపులా కనీసం 5 మిల్లీమీటర్ల సందు ఉండాలి. మడ్‌గార్డు వేస్తే ఆ చోటు ఇంకా తగ్గుతుంది. చాలా ఫ్రేముల్లో మడ్‌గార్డు లేకుండా 45 పడుతుంది, మడ్‌గార్డుతో 40 దగ్గర ఆగిపోతుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు నీళ్ళలో మునిగాయి. అంత వాన ఏటా రాకపోయినా, ఆఫీసుకు పోయేవాడికి ఆ వాన నెలల్లో మడ్‌గార్డు లేకపోతే వీపు మీద బురదగీత ఖాయం. కాబట్టి 40 దగ్గర ఆగుతాను. స్వర్ణముఖి ఇసుకలో దిగాలనుకునేవాళ్ళకు ఒక మాట: అక్కడ 45 అయినా 50 అయినా కూరుకుపోతుంది, దిగి తోసుకుపోవడమే.

నున్న టైరా, బటన్ టైరా?

పైనంతా గుబ్బలున్న బటన్ టైరు చూడటానికి బాగుంటుంది. సిమెంటు రోడ్డు మీద రొద పెడుతుంది, తొక్కేవాడి శక్తి తినేస్తుంది, రోజూ తారు మీద తిరిగితే నడిమి గుబ్బలు తొందరగా అరిగిపోతాయి. వానలో సిమెంటు రోడ్డు మీద గుబ్బలుంటే పట్టు ఎక్కువని చాలామంది అనుకుంటారు. జరిగేది తిరగబడి ఉంటుంది: నేలకు తగిలే రబ్బరు తక్కువై, మలుపులో గుబ్బ వంగి జారుతుంది. పూర్తి నున్నటి టైరు ఊళ్ళో రాజా, కాని చెరువుకట్ట మీద వదులు మట్టిలో ముందు చక్రం పక్కకు పోతుంది.

మధ్యలో నున్నగానో సన్నటి గీతలతోనో ఉండి, పక్కలకు గుబ్బలున్న సెమీ-స్లిక్ టైరే మన రెండు పనులకూ కుదురుతుంది. పానారేసర్ గ్రావెల్‌కింగ్‌లో ఎస్ఎస్ రకం ఇలాంటిదే. అదే పేరుతో వచ్చే ఎస్‌కే రకానికి పైనంతా చిన్న గుబ్బలుంటాయి, వారంలో సగం మట్టిలోనే తిరిగేవాళ్ళకు అది మేలు. దారిలో తారే ఎక్కువ, పంచరంటే విసుగు అనుకునేవాళ్ళు ష్వాల్బే మారథాన్ వైపు చూడవచ్చు. టైరు లోపల 3 మిల్లీమీటర్ల రక్షణ పొర ఉంటుంది. మారథాన్ ప్లస్‌లో అది 5 మిల్లీమీటర్లు. బరువు మాత్రం ముప్పావు కిలో దగ్గర నుంచి పైకే పోతుంది, కాళ్ళకు తెలుస్తుంది. పైగా అది ట్యూబుతో నడిపే టైరు.

ట్యూబా, ట్యూబ్‌లెస్సా?

అసలు తేల్చుకోవాల్సింది ఇక్కడ. మన దారుల్లో ముళ్ళు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి పల్లేరుకాయ. ముల్లు పొట్టి, కాని ఒక్క చోట దిగితే టైరు చుట్టూ పది అంటుకుంటాయి. రెండోది సర్కారు తుమ్మ, మనవైపు కంపచెట్టు అంటాం. పొలాలకు కంచెగా వేసిన కంప ఎండి, గాలికో ట్రాక్టరుకో దారిలోకి వచ్చి పడుతుంది. దాని ముల్లు పొడుగు. పల్లేరును మారథాన్ లాంటి టైరులోని మందపు పొర ఆపుతుంది. కంపముల్లు ఏటవాలుగా, పొర లేని పక్కవైపు నుంచి దూరితే ఏ పొరా ఆపదు.

ట్యూబ్‌లెస్‌లో ట్యూబు ఉండదు, టైరులో రబ్బరుపాల లాంటి సీలెంట్ ఉంటుంది. రెండు రకాల ముళ్ళ రంధ్రాలనూ అది తిరుగుతుండగానే మూసేస్తుంది. చాలాసార్లు ముల్లు దిగిన సంగతే తెలియదు. గాలి కూడా తక్కువ పెట్టుకోవచ్చు. ట్యూబుతో మరీ తక్కువ గాలి పెడితే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకు నలిగి పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి, ట్యూబ్‌లెస్‌లో ఆ బాధ లేదు. 70 కిలోల మనిషికి 40 టైరులో ట్యూబుతో 45 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెడితే, ట్యూబ్‌లెస్‌తో 35 దగ్గర మొదలుపెట్టవచ్చు. వెనక చక్రానికి రెండుమూడు ఎక్కువ.

ఇంత బాగుంటే అందరూ అదే వేసుకోవచ్చు కదా? సీలెంట్ ఎండిపోతుంది. మన మే నెల ఎండకు, పార్కింగ్‌లో నీడలేని చోట నిలిపితే ఇంకా తొందరగా. రెండు నెలలకోసారి విప్పి చూసి పోసుకోవాలి, 40 టైరుకు 60 మి.లీ. దాకా పడుతుంది. మామూలు సైకిల్ షాపులో సైకిల్ సీలెంట్ దొరకడం కష్టం, ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఇంట్లో పెట్టుకోవాలి. మోటారుబైకు టైర్లకు వేసేది తెచ్చి పోయకండి, అది వేరే సరుకు. రిమ్ కూడా ట్యూబ్‌లెస్‌కు పనికొచ్చేదై ఉండాలి.

ఇంకొకటుంది, దీన్ని చాలామంది చెప్పరు. గ్రానైట్ ముక్క తగిలి టైరు పక్క కోసుకుపోతే సీలెంట్ ఆపలేదు. అప్పుడు దారిలో ట్యూబు వేసుకోవాల్సిందే. కాని నెలల తరబడి ట్యూబ్‌లెస్‌గా తిరిగిన టైరు లోపల ఎన్నో ముళ్ళు మొనలు బయటపెట్టుకుని ఉంటాయి. ఇన్నాళ్ళూ సీలెంట్ కాపాడింది. కొత్త ట్యూబు వేయగానే అవన్నీ దాంట్లో దిగుతాయి. ఊళ్ళో ఒక పాత మెకానిక్ టైరు లోపల గుడ్డతో తుడుస్తూ అన్న మాట: "ముల్లు తీయకుండా ట్యూబేస్తే ఇంటికి పోయేలోపల మళ్ళీ వస్తావు సామీ." గుడ్డ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ముల్లు ఉన్నట్టు. వేలితో తడిమితే వేలికి దిగుతుంది.

నా లెక్క ఇది. వారంలో రోడ్డు మీదే ఎక్కువ, మట్టి నెలకోసారి అంటే మందపు పొరున్న టైరు, ట్యూబు, సంచిలో ఒక స్పేర్ ట్యూబు. వారంవారం మట్టి, తోటల దారి, చెరువుకట్టలు అంటే ట్యూబ్‌లెస్, దాని ఆలనాపాలనా చూసే ఓపికతో సహా. ఓపిక లేనివాడికి ట్యూబ్‌లెస్ శిక్షే. సన్నగా తేలిగ్గా ఉండే టీపీయూ (ఒక రకం ప్లాస్టిక్) ట్యూబులు వచ్చాయి, స్పేరుగా సంచిలో పెట్టుకోవడానికి బాగుంటాయి. రోజువారీకి మామూలు బ్యూటైల్ రబ్బరు ట్యూబే మేలు, ఏ పంచరు షాపులోనైనా ప్యాచ్ వేస్తారు.

వాల్వు సంగతి కూడా చూసుకోండి. గ్రావెల్ బైకులకు సన్నటి ప్రెస్టా వాల్వు వస్తుంది. మోటారుబైకుల పంచరు షాపు కంప్రెసర్ దానికి నేరుగా పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ కొని వాల్వుకే బిగించి ఉంచుకుంటే ఎక్కడైనా గాలి పట్టించుకోవచ్చు. ట్యూబ్‌లెస్ టైరు రిమ్ములో కూర్చోవడానికి కావాల్సిన గాలి దెబ్బ కూడా ఆ కంప్రెసర్ నుంచే దొరుకుతుంది. కాకపోతే కొట్టేవాడి చేతికి వదిలేయకుండా టైరు మీద రాసిన పై పరిమితి చూసి ఆపించాలి.

బ్రేకులు: కేబులా, ఆయిలా?

ఆయిల్‌తో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకు ఒక వేలితో నొక్కినా సైకిల్ ఆగుతుంది. హార్స్‌లీ హిల్స్ లాంటి ఘాట్ దిగేటప్పుడు చేతులు నొప్పి పుట్టవు. అంతవరకూ దానికి సాటి లేదు. ఆయిల్‌లో గాలి బుడగ చేరితే మాత్రం బ్లీడ్ చేయించాలి, అంటే ఆ గాలి బయటికి తీయించాలి. షిమానో కంపెనీ బ్రేకులకు మినరల్ ఆయిల్, ఎస్ఆర్ఏఎం కంపెనీ బ్రేకుల్లో చాలావాటికి డాట్ ఫ్లూయిడ్. ఒకదానిలో ఇంకొకటి పోస్తే లోపలి సీళ్ళు పాడవుతాయి. ఈ తేడా తెలిసి, చేతిలో కిట్ ఉన్న మెకానిక్ ఉంటేనే హైడ్రాలిక్‌కు పొమ్మంటాను. కేబుల్ డిస్క్ అయితే కేబుల్ తెగినా, వదులైనా మామూలు సైకిల్ షాపులో పని జరిగిపోతుంది. దాంట్లోనూ టీఆర్‌పీ స్పైర్ లాంటి రెండువైపులా నొక్కే రకం తీసుకుంటే, ప్యాడ్ ఒకవైపే అరిగే సమస్య తప్పుతుంది. రోజూ ఆఫీసుకు పోయే సైకిల్‌కు నా ఓటు కేబుల్‌కే. ఘాట్లు తరచూ దిగేవాళ్ళు హైడ్రాలిక్ తీసుకోండి.

నవంబరు ఇసుకనీళ్ళకు రెసిన్ ప్యాడ్లు తొందరగా అరుగుతాయి. మెటల్ ప్యాడ్లు నిలబడతాయి గానీ కీచుమంటాయి. డిస్క్ మీద 'రెసిన్ ఓన్లీ' అని రాసి ఉంటే మెటల్ వేయకూడదు.

గేర్లు: ముందు ఒకటా, రెండా?

షిమానో 2019లో గ్రావెల్ కోసమే జీఆర్ఎక్స్ అనే గేర్లు, బ్రేకుల సెట్టు (గ్రూప్‌సెట్) తెచ్చింది. దాంట్లో పెడల్ దగ్గర ముందు 46, 30 పళ్ళ రెండు పళ్ళచక్రాల రకం, వెనక 11 నుంచి 34 పళ్ళ దాకా ఉన్న క్యాసెట్ (పళ్ళచక్రాల గుత్తి) వేస్తే ఎక్కుడుకు 30 పళ్ళకు 34 పళ్ళు. అంటే పెడల్ ఒకసారి తిరిగితే వెనక చక్రం ఒక చుట్టు కూడా తిరగదు, అంత తేలిక. పైన 46కు 11, నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకు 49 కిలోమీటర్ల దగ్గర. ముందు ఒకటే 38 పెట్టి, మైక్రోషిఫ్ట్ అడ్వెంట్ ఎక్స్‌లాగా వెనక 11-48 వేస్తే ఎక్కుడు ఇంకా తేలిక, పైన 41 దగ్గర ఆగిపోతుంది. ఆఫీసు సంచితో గంటకు 41 కంటే ఎక్కువ తొక్కే మహానుభావులు ఎంతమంది? ముందు డిరైలర్ (చైన్‌ను ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) లేకపోతే సర్దడానికి ఒక భాగం తక్కువ, ఎర్రదుమ్ము చేరే చోటూ తక్కువ. నష్టం ఏమిటంటే గేరుకూ గేరుకూ మధ్య ఎడం ఎక్కువ. చదును రోడ్డు మీద ఎదురుగాలిలో 'ఇది బరువు, అది మరీ తేలిక' అనిపిస్తుంది. రేణిగుంట రోడ్డు లాంటి చదునులో రోజూ తిరిగేవాళ్ళకు ఈ చికాకు నిజమైనదే, వాళ్ళకు ముందు రెండు పళ్ళచక్రాలే మేలు. తోటల దారులు, భాకరాపేట ఘాట్ ఇష్టమైతే ఒకటి.

బడ్జెట్ తక్కువైతే షిమానోదే 8 స్పీడ్ (వెనక ఎనిమిది గేర్ల) క్లారిస్‌కు చిన్నబోవద్దు. చైనూ క్యాసెట్టూ చవక, దొరకడం సులభం. గ్రూప్‌సెట్‌లో ఒక మెట్టు దిగి ఆ డబ్బు టైర్లకు పెట్టండి, తేడా మొదటి రోజే తెలుస్తుంది. చైన్ సాగుదల కొలిచే గేజీ ఒకటి కొనండి. 8, 9, 10 స్పీడ్ చైన్లు 0.75 శాతం దగ్గర, 11, 12 స్పీడ్‌వి 0.5 దగ్గర మార్చాలి. మన దుమ్ములో ఆలస్యం చేస్తే క్యాసెట్‌ను కూడా తినేస్తుంది.

మిగతావి క్లుప్తంగా. పెడల్స్ చదునువే, చెప్పులతో షాపుకు పోవాలన్నా పనికొస్తాయి. హ్యాండిల్ డ్రాప్ (కిందికి వంగినది) అయితే బయటికి కాస్త విచ్చుకున్న రకం. క్యారియర్, మడ్‌గార్డు బిగించే రంధ్రాలు ఫ్రేములో ఉన్నాయో లేదో కొనే ముందే చూడండి, తర్వాత చేయగలిగింది ఏమీ లేదు. శేషాచలం అడవి లోపలి బాటలు మాత్రం ఎంత మంచి టైరున్నా అటవీ శాఖ అనుమతి లేకుండా తొక్కవద్దు.

ఇంతా చదివి, 'నేను ఆఫీసుకు తప్ప ఎక్కడికీ పోను' అనుకుంటే గ్రావెల్ బైకే అక్కర్లేదు. మామూలు హైబ్రిడ్‌కు ఫ్రేములో పట్టినంత వెడల్పు టైరు, 38 పడితే 38, వేయించుకోండి. మిగిలిన డబ్బుతో మంచి లైటు, తాళం వస్తాయి.