దిగిపోయిన గోల్డా, దిగని సిరిమావో: ఏది మేలు?

2000 అక్టోబర్ 10, శ్రీలంకలో పార్లమెంటు ఎన్నికల రోజు. 84 ఏళ్ల సిరిమావో బండారనాయకే ఓటేసి కొలంబోకి తిరిగొస్తున్నారు. దారిలో కడవత దగ్గర గుండెపోటు వచ్చింది, ప్రాణం అక్కడే పోయింది. ప్రధాని పదవికి రాజీనామా ఇచ్చింది ఆగస్టు 10న. అంటే పదవి లేకుండా ఆమె బతికింది సరిగ్గా రెండు నెలలు.

గోల్డా మెయిర్ ఇజ్రాయెల్ ప్రధానిగా రాజీనామా చేసింది 1974 ఏప్రిల్‌లో. ఆ తర్వాత నాలుగున్నరేళ్లు మామూలు మనిషిగా ఉండి, 1978 డిసెంబర్ 8న 80 ఏళ్ల వయసులో పోయారు.

ప్రపంచంలో మొదటి మహిళా ప్రధాని సిరిమావో (1960). రెండో ఆమె ఇందిర (1966), మూడో ఆమె గోల్డా (1969). ఇందిరను ఈ లెక్కలో కలపడం లేదు. ఎప్పుడు దిగాలో తేల్చుకునే అవకాశం ఆమెకు రాలేదు. 1984 అక్టోబర్ 31న మెదక్ ఎంపీగా, ప్రధానిగా ఉండగానే తూటాలకు బలయ్యారు. మిగిలిన ఇద్దరిలో ఎవరి పద్ధతి మేలు?

గోల్డా రాజీనామాను చాలామంది త్యాగంలా చెప్తారు. నాకు అంత శుభ్రంగా కనిపించదు. 1973 అక్టోబర్‌లో ఈజిప్టు, సిరియా ఒకేసారి దాడి చేస్తే ఇజ్రాయెల్ 2,500 మందికి పైగా సైనికులను పోగొట్టుకుంది. విచారణకు వేసిన అగ్రనాత్ కమిషన్ తప్పంతా సైన్యాధికారుల మీద పెట్టి గోల్డాను వదిలేసింది. యుద్ధం తర్వాత జరిగిన ఎన్నికల్లో కూడా ఎక్కువ సీట్లు ఆమె కూటమికే వచ్చాయి. కాబట్టి కాగితం మీద ఆమెకు ఢోకా లేదు. కానీ వీధిలో జనం ఒప్పుకోలేదు. కొడుకులను పోగొట్టుకున్నవాళ్లకు కమిషన్ రిపోర్టు ఏం సమాధానం చెప్తుంది? మార్చిలో కొత్త ప్రభుత్వం ఏర్పాటు చేసి, ఏప్రిల్‌లోనే చాలించుకున్నారు. ఒంట్లో లింఫోమా అనే క్యాన్సర్ ఉంది. ఆ సంగతి ఏళ్ల తరబడి బయటికి పొక్కనివ్వలేదు. తోసేసేలోపే దిగారు అనడం న్యాయం.

అయితే దిగడం వల్ల ఒక మంచి జరిగింది. 1977 నవంబర్‌లో ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ జెరూసలేం వచ్చారు. నాలుగేళ్ల కింద గోల్డా మీద యుద్ధానికి దిగిన మనిషే. ఆయనకు ఈమధ్యే మనవరాలు పుట్టిందని తెలిసి, ఒక నాయనమ్మ తాతకు ఇస్తున్నట్టుగా గోల్డా చిన్న కానుక చేతిలో పెట్టారు. ఇద్దరూ నవ్వుకున్నారు. ప్రధాని కుర్చీలో ఉండి ఉంటే ఆ కానుక వెనక ఏ ఎత్తుగడ ఉందోనని వెతికేవాళ్లు. పదవి లేని ముసలావిడ ఇస్తే అది పాపాయికి ఇచ్చిన కానుకే.

సిరిమావో కథ ఇంత పొట్టిది కాదు. 1959లో భర్త సాలమన్ బండారనాయకేను ఒక బౌద్ధ భిక్షువు కాల్చి చంపాక రాజకీయాల్లోకి వచ్చి, మరుసటి ఏడే ప్రధాని అయ్యారు. 1970లో రెండోసారి గెలిచారు. 1977లో మాత్రం చావుదెబ్బ తగిలింది: 168 స్థానాల్లో పార్టీకి దక్కినవి 8. ప్రతిపక్ష హోదా కూడా ఆమె పార్టీకి రాలేదు, తమిళుల పార్టీకి వెళ్లింది. సింహళమే అధికార భాష అంటూ తమిళులను పక్కకు నెట్టిన పార్టీకి అంతకన్నా చేదు ఫలితం ఏముంటుంది.

అది చాలదన్నట్టు 1980లో అధ్యక్షుడు జయవర్ధనే ప్రభుత్వం, అధికారాన్ని దుర్వినియోగం చేశారంటూ ఆమె పౌర హక్కులను ఏడేళ్లపాటు తీసేసింది. పోటీ చేయకూడదు, పార్లమెంటులో కూర్చోకూడదు. గోల్డా దిగిన వయసు 75. సిరిమావోకి అప్పటికి 64. ఇంట్లో కూర్చున్నా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆమె కూర్చోలేదు. 1986లో హక్కులు తిరిగొచ్చాయి. 1988 అధ్యక్ష ఎన్నికల్లో, బాంబులూ హత్యల మధ్య, అధికార పార్టీ అభ్యర్థి ప్రేమదాసపై నిలబడి 45 శాతం దాకా ఓట్లు తెచ్చుకున్నారు. ఓడిపోయినా చచ్చిందనుకున్న పార్టీని మళ్లీ నిలబెట్టారు. ఇంట్లో చూస్తే కూతురు చంద్రిక ఒకవైపు, కొడుకు అనుర ఒకవైపు. 1993లో కొడుకు ఎదుటి పార్టీకే వెళ్లిపోయాడు. ఆ వయసులో ఆ టెన్షన్ ఊహించుకోండి.

ఇక్కడిదాకా నా ఓటు సిరిమావోకే. గోల్డాలా 1977లోనే తప్పుకుని ఉంటే ఆ పార్టీ 1994లో అధికారంలోకి వచ్చేది కాదు.

పేచీ ఆ తర్వాతే. 1994లో చంద్రిక అధ్యక్షురాలై తల్లిని ప్రధానిని చేశారు. అయితే 1978 రాజ్యాంగం అధికారమంతా అధ్యక్షుడి చేతిలో పెట్టింది. 1960లో లోకమంతా తిరిగి చూసిన కుర్చీ ఇప్పుడు పేరుకే. ఆ పద్ధతిని రద్దు చేస్తానని ఎన్నికల్లో మాటిచ్చిన కూతురే రద్దు చేయలేదు. చేసి ఉంటే తల్లి కుర్చీకి మళ్లీ బరువు వచ్చేది. అలా ఆరేళ్లు గడిచాయి. 1999 డిసెంబర్‌లో ఎల్టీటీఈ బాంబు దాడిలో చంద్రిక ఒక కన్ను పోయింది. భర్తను తూటాకు పోగొట్టుకున్న మనిషి 83 ఏళ్ల వయసులో అదీ చూడాల్సి వచ్చింది. ఆ ఆరేళ్లు ఆమె పేరుకు కొత్తగా కలిపిందేమీ నాకు కనిపించదు. గోల్డాకు సాదత్ ఎదురైనట్టు, తమిళ నాయకుల ఎదుట పదవి లేని పెద్దావిడగా కూర్చునే వీలైనా మిగలలేదు.

వదిలి వెళ్లినదాంట్లో ఇద్దరికీ ఒకే మచ్చ ఉంది. పాలస్తీనియన్లు అనే జాతే లేదని 1969లో గోల్డా అన్న మాట ఇప్పటికీ ఆమె పేరుతోనే తిరుగుతోంది. సిరిమావో 1964లో లాల్ బహదూర్ శాస్త్రితో కూర్చుని తేయాకు తోటల తమిళులను లెక్కగట్టి రెండు దేశాలకూ పంచారు: 5,25,000 మంది భారత్‌కు, 3,00,000 మంది లంకకు. మీరెక్కడ ఉంటారని ఆ కూలీలను అడిగినవాళ్లు లేరు. ఈ లెక్కలో ఏది మేలు అని అడగడానికే మనసొప్పదు.

ఇక వాళ్ల వెనక వచ్చిన ఆడవాళ్లు. గోల్డా తర్వాత ఇజ్రాయెల్‌లో మహిళా ప్రధాని లేరు. 2009లో జిపి లివ్ని పార్టీకి నెతన్యాహు పార్టీ కన్నా ఒక సీటు ఎక్కువ వచ్చినా ప్రభుత్వం ఆయనే ఏర్పాటు చేశారు. శ్రీలంకలో సిరిమావో, చంద్రికల తర్వాత మూడో మహిళా ప్రధాని కోసం 2024 దాకా ఆగాల్సి వచ్చింది. ఆమె హరిణి అమరసూర్య, అంతకుముందు యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకున్న మనిషి. తల్లి కుర్చీ, భర్త కుర్చీ అంటూ ఆమెకు ఏదీ లేదు.